యోగ్యతాపత్రములు – విశ్వవిద్యాలయములకు సురక్షిత వ్యవస్థ యెంపిక

ఒక వ్యక్తి తన విద్యార్థి యని గాని, తన యొద్ద నిర్ణీత విద్య నభ్యసించి పరీక్షలయం దుత్తీర్ణత పొందెనని గాని విశ్వవిద్యాలయము లోకమునకు హామీగా నిచ్చు పత్రము యోగ్యతాపత్రము. వాడుకలో సర్టిఫికెట్టు అనబడు పట్టా, ప్రొవిజనల్, మార్కుల మెమో మాత్రమే గాక, విద్యార్థి మెడలో వ్రేలాడు గుర్తింపు కార్డును, గ్రంథాలయపు కంప్యూటరులోనికి ప్రవేశమిచ్చు రహస్యపదమును గూడ నీ జాతిలోనివే. ఏలయన నివి యన్నియు, ఈ మనుష్యుని గూర్చి విశ్వవిద్యాలయము పలికినట్లు కనిపించుచున్న మాట నిజముగా దానిదేనా యను ఒకే ప్రశ్నకు సమాధానములు. పత్రము నిచ్చుట, భద్రపఱచుట, ఇతరులు దానిని సరిచూచుకొనుట, అవసరమైనపుడు రద్దుచేయుట అను నాలుగు కృత్యములకు నేర్పడిన పద్ధతుల సముదాయమే యోగ్యతాపత్ర వ్యవస్థ. వీనిలో నేది బలహీనమైనను మిగిలిన మూడును నిష్ఫలము లగును.

సైబరాబాదు ప్రాంతము

హైదరాబాదునకు పడమట మాదాపురము మొదలు గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడల వరకు వ్యాపించిన సైబరాబాదు ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి తగిన తావు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించుటతో హైటెక్ సిటీ రూపుదాల్చెను. దానికి పూర్వమే, 1974లో పార్లమెంటు శాసనముచే ఏర్పడి ఆబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్ భవనమున పాఠములు మొదలిడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలికి తరలివచ్చి యుండెను. అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ, అనగా ట్రిపుల్ ఐటీ, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము రెండును 1998లో స్థాపితములై గచ్చిబౌలియందే నెలకొన్నవి. కూకట్‌పల్లిలో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును, జూబిలీ హిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమును ఈ ప్రాంతమునకు చేరువలోనే యున్నవి. పట్టా నిచ్చువారును, ఆ పట్టాను నమ్మి యుద్యోగ మిచ్చువారును ఇచట ఇరుగుపొరుగువారు. అయినను ఒకరి మాటను మరియొకరు సరిచూచుకొనుటకు చిరకాలము ఉత్తరములు, రుసుములు, నిరీక్షణము దప్ప వేఱు మార్గము లేకుండెను.

పూర్వరంగము

నమ్మదగిన పత్రమును సృష్టించు సమస్య ఆంధ్రదేశమునకు క్రొత్తది కాదు. వేంగీ చాళుక్యులు దానశాసనములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులకు రంధ్రము చేసి, వానిగుండ నొక కడియమును దూర్చి, కడియపు కొనలను వరాహలాంఛనము గల ముద్రలో బిగించెడివారు. ముద్రపై శ్రీ విషమసిద్ధి యనియో, తరువాతి కాలమున శ్రీ త్రిభువనాంకుశ యనియో రాజబిరుద ముండెడిది. కడియమును కోయక యే రేకును మార్చుటకు వీలులేదు; ముద్ర లేక శాసనము రాజుదని నమ్ముటకు వీలులేదు; శాసనము రాజభాండాగారమున గాక దానము పొందిన వాని యింటనే యుండెడిది. కర్తృత్వము, అవికలత్వము, స్వామ్యము అను మూడు గుణములును ఒక చిన్న లోహఖండమున నిట్లు సమకూడినవి. అయినను కూటశాసనములు పుట్టకపోలేదు. ధర్మశాస్త్రకారులు కూటశాసనకర్తలకు కఠినదండనమును విధించుటయే యీ మోస మెంత పాతదో తెలుపును.

ఆధునిక కాలమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మవతరించి ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పి పట్టముల నిచ్చెను. 1956 నాటి విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘపు శాసనము 22వ విభాగమున, శాసనబద్ధములైన విశ్వవిద్యాలయములును, డీమ్డ్ సంస్థలును, పార్లమెంటు ప్రత్యేకాధికార మిచ్చిన సంస్థలును దప్ప ఇతరులు పట్టముల నీయరాదని నిర్దేశించెను. కనుక పత్రమును పరీక్షించునపుడు మొదటి ప్రశ్న సంతకము గూర్చినది కాదు, సంతకముచేసిన సంస్థకు ఆ యధికార మున్నదా యనునది.

ఇందొక విశేషమును పాఠకుడు గుర్తుంచుకొనవలెను. పట్టా మనుష్యుని జీవితకాల మంతయు నిలువవలసినది. సంస్థల పేర్లు మాత్ర మట్లు నిలువవు. 1972లో నేర్పడిన జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో విభక్తమై హైదరాబాదు, కాకినాడ, అనంతపురములయందు వేఱువేఱు విశ్వవిద్యాలయము లాయెను. 1982లో నాంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా పుట్టినది 1991లో అంబేద్కర్ పేరు దాల్చెను. 1985లో స్థాపితమైన పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయమునకు తెలంగాణమున ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టబడెను. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయ్యెను. 2005లో కాకినాడలో చదివి అవిభక్త విశ్వవిద్యాలయపు పట్టా పొందిన ఇంజనీరునకు నేడు సాక్ష్యము పలుకవలసిన వారెవరు? వ్యవస్థ నెంచుకొను ప్రతి విశ్వవిద్యాలయమును ముందుగా వేసికొనవలసిన ప్రశ్న యిదియే.

కాగితపు పత్రము, దాని లోపములు

కాగితపు పట్టాకు రక్షణ లన్నియు కాగితములోనే యుండును: నీటిగుర్తు, హోలోగ్రాము, ఉబ్బెత్తు ముద్ర, సూక్ష్మాక్షరములు, వరుససంఖ్య. వీని నన్నిటిని మూడు మార్గముల వంచింపవచ్చును. పత్రమునే అనుకరించి ముద్రించుట మొదటిది. ముద్రణాలయము నుండియో కార్యాలయము నుండియో జారిన నిజమైన ఖాళీ ఫారముపై అబద్ధపు పేరు వ్రాయుట రెండవది. అస్తిత్వమే లేని సంస్థ పేర మెఱయు పత్రమును సృష్టించుట మూడవది. వీనిలో రెండవది మిక్కిలి ప్రమాదకరము. ఏలయన నచట కాగితము నిజమైనది, మాట మాత్రమే అసత్యము. జిరాక్సు ప్రతిపై గెజిటెడ్ అధికారి సంతకము సైతము ప్రతి మూలమునకు సరిపోవునని తెలుపునే గాని, మూలము సత్యమని తెలుపజాలదు.

హైటెక్ సిటీ కంపెనీలు ఉద్యోగి చేరునపుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషను జరిపింపగా, ఆ పనిచేయు ఏజెన్సీలు పత్రపు ప్రతిని పరీక్షల విభాగమునకు పంపి, రుసుము చెల్లించి, జవాబునకు వేచియుండుట సంప్రదాయ మాయెను. ఈ శ్రమను తగ్గించుటకు సాంకేతిక కంపెనీల సంఘమగు నాస్కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని నెలకొల్పి, సమాచార సాంకేతికోద్యోగుల విద్యార్హతలను, పూర్వోద్యోగములను వేలిముద్రలతో సహా నమోదుచేయించెను. విదేశములకు పోవు విద్యార్థులు ట్రాన్స్‌క్రిప్టులను సీలు వేసిన కవరులలో పంపించుకొనవలసి వచ్చెను. 2005లో భారతదేశము 1961 నాటి హేగ్ అపోస్టిల్ ఒడంబడికలో చేరుటచే సభ్యదేశములతో ధ్రువీకరణము కొంత సులభమాయెను. 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి రాష్ట్ర విశ్వవిద్యాలయముల పట్టములను ఒకే పోర్టలున సరిచూచుటకు విద్యార్థి అకడమిక్ వెరిఫికేషన్ సేవ నారంభించెను. ఇవి యన్నియు నుపకారకములే. కాని వీనిలో ప్రతి పరీక్షకును ఎవరినో యడుగవలసియే యుండును. అడుగకయే తెలిసికొను మార్గమును చూపినది గణితశాస్త్రము.

సాంకేతిక సంతకము

1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు బహిరంగ తాళపుచెవి భావనను ప్రకటించిరి; మరుసటి యేడు రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను వారు దానికి కార్యరూప మిచ్చిరి. సంతకము చేయు సంస్థకు రెండు చెవు లుండును. రహస్యమైనది తన యొద్దనే దాగియుండును. బహిరంగమైనది లోకమున కెల్ల తెలిసియుండును. పట్టాలోని విషయమును మొదట సంక్షేపణ సూత్రమున నడిపి, ఎస్‌హెచ్ఏ–256 పద్ధతిలో 256 బిట్ల చిన్న ముద్రగా మార్చుదురు. మూలమున నొక్క చుక్క మారినను ఆ ముద్ర సమూలముగా మారిపోవును. ఆ ముద్రపై రహస్యపు చెవితో సంతకముచేసిన పిమ్మట, బహిరంగపు చెవి గల వారెవరైనను పత్రము మారలేదనియు, ఫలానా సంస్థయే యిచ్చెననియు నిర్ధారింపవచ్చును. వేంగీ ముద్రకు కర్తృత్వ మెట్టిదో, కడియమునకు అవికలత్వ మెట్టిదో, ఇచట నా రెండును సంఖ్యారూపమున నొకచో చేరినవి.

2000 నాటి సమాచార సాంకేతిక శాసనము ఇట్టి సంతకమునకు న్యాయబద్ధత కల్పించెను. దేశమందలి ధ్రువీకరణ సంస్థల కన్నిటికిని నియంత్రణాధికారి మూలస్థానము. హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనా సంస్థ ఐడీఆర్‌బీటీ బ్యాంకుల కొఱ కట్టి లైసెన్సు పొందిన సంస్థలలో నొకటి. కావున ఈ విద్యకు నగరము పరాయిది కాదు.

ఆచరణమున రెండు చిక్కులు గలవు. సంతకమున్న పీడీఎఫ్ పత్రమును తెఱచినపుడు పచ్చని గుర్తుకు మాఱుగ పసుపుపచ్చని ప్రశ్నార్థకము కనబడుట చాలమంది కనుభవమే. దాని కర్థము పత్రము దొంగదని కాదు. భారతీయ మూలస్థానమును ఆ కంప్యూటరు ఇంకను నమ్ముట లేదని మాత్రమే. ఇక ఆ పత్రమును కాగితముపై ముద్రించినచో సంతకపు గణిత మంతయు నశించి, చిత్రము మాత్రమే మిగులును. రెండవ చిక్కు కాలమునకు సంబంధించినది. మన దేశమున సంతకపు ధ్రువీకరణము సామాన్యముగా మూడేండ్లకు మించి చెల్లదు. పట్టా నలువదేండ్లు చెల్లవలెను. సంతకము జరిగిన క్షణమును విశ్వసనీయమైన కాలముద్రతో బంధించి, కొంతకాలమునకు ఆ ముద్రను పునరుద్ధరించుట దీనికి పరిష్కారము. సూత్రములు సైతము ముసలివగును: ఒకనాడు సర్వత్ర వాడుకలో నున్న ఎస్‌హెచ్ఏ–1 పద్ధతి 2017లో భగ్నమైనట్లు గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు నిరూపించిరి. క్వాంటం కంప్యూటరులను తట్టుకొను మూడు నూతన ప్రమాణములను అమెరికా ప్రమాణసంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రకటించెను. నేడు కొనబడు వ్యవస్థ రేపటి సూత్రమునకు మారగలిగి యుండవలెను.

జాతీయ భాండాగారములు

2015 జూలైలో ప్రారంభమైన డిజిలాకర్, 2017 జూలై 9న నాటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించిన జాతీయ విద్యా నిక్షేపాగారము, 2021 జూలైలో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను మూడును నేటి జాతీయ వ్యవస్థకు స్తంభములు. డిజిలాకర్ ద్వారా సంస్థలు జారీచేసిన పత్రములు మూలపత్రములతో సమానమని 2017 నాటి నియమ సవరణము చెప్పుచున్నది. నిక్షేపాగారమును మొదట రెండు డిపాజిటరీ సంస్థలు నడుపగా, అనంతరమది డిజిలాకర్ గూటికి చేరెను. నడుపువారు మారుదురు, రికార్డులు తరలవలసి వచ్చును అను సత్యమునకు జాతీయస్థాయిలోనే యిది నిదర్శనము. ఉచితమును, శాసనసమ్మతమును, దేశవ్యాప్తమును నగు ఈ మార్గమును హైదరాబాదులోని ఏ విశ్వవిద్యాలయమును విడువరాదు. కాని దానితోనే పని ముగిసినదని యనుకొనుటయు తగదు. విదేశములలోని సంస్థలకును, స్వల్పకాలిక కోర్సుల పత్రములకును సర్వత్ర చదువదగిన రూప మింకను కావలెను.

గొలుసు గ్రంథములు, సార్వత్రిక ప్రమాణములు

2014లో సైప్రస్ దేశపు నికోసియా విశ్వవిద్యాలయము బిట్‌కాయిన్ బ్లాక్‌చైను అను గొలుసు గ్రంథముపై పత్రముల ముద్రలను నమోదుచేసెను. 2017లో అమెరికాయందలి ఎం.ఐ.టి. బ్లాక్‌సర్ట్స్ పద్ధతిలో 111 మంది పట్టభద్రులకు డిజిటల్ పట్టముల నిచ్చెను. 2018 ఆగస్టులో హైదరాబాదున అంతర్జాతీయ బ్లాక్‌చైన్ మహాసభ జరుగగా ఈ విద్యపై నగరమున నుత్సాహము వెల్లివిరిసెను. ఇట్టి గ్రంథమున పట్టా వ్రాయబడదు, దాని సంక్షిప్తముద్ర మాత్రమే వ్రాయబడును. ఒకసారి వ్రాసిన దానిని ఎవరును చెఱపలేరు గనుక, పత్రము ఫలానా నాటికే యుండెనని చెప్పుటకు బలమైన సాక్ష్యము లభించును. అయితే గ్రంథమెంత చెఱగనిదైనను వ్రాసినవాడు సత్యవంతుడని చెప్పలేదు. తప్పుడు మార్కు నమోదైనచో అదియు చిరస్థాయి యగును. కావున బ్లాక్‌చైను కాలసాక్షి మాత్రమే, ధర్మకర్త కాదు.

దీనికంటె మిన్నగా గమనింపదగినది సార్వత్రిక ప్రమాణము. వెబ్ సంస్థయగు డబ్ల్యూ3సీ 2019 నవంబరులో వెరిఫయబుల్ క్రెడెన్షియల్స్ నమూనాను ప్రకటించి, 2025లో దాని రెండవ రూపమును వెలువరించెను. ఇందు జారీచేయువారు, ధరించువారు, సరిచూచువారు అని మువ్వురు. పత్రము ధరించువాని చేతిలోనే యుండును. సరిచూచుటకు జారీదారుని ప్రతిసారియు నడుగ నక్కఱలేదు. దానపత్రము ప్రతిగ్రహీత యింటనే యుండిన వేంగీ సంప్రదాయము వంటిదే యిది.

గుర్తింపు కార్డులు, ప్రవేశాధికారము

ఆవరణలోని కార్డును గూర్చి క్లుప్తముగా చెప్పినను అలక్ష్యము చేయరాదు. 125 కిలోహెర్ట్‌జ్ పౌనఃపున్యముపై పనిచేయు పాత కార్డు అడిగిన వారికెల్ల తన సంఖ్యను చెప్పివేయును గనుక దాని ప్రతిని క్షణములలో చేయవచ్చును. లోకమంతట వ్యాపించిన మైఫేర్ క్లాసిక్ కార్డు రహస్యసూత్రమును 2007–08లో జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులు బట్టబయలు చేసిరి. సూత్రమును దాచియుంచుటయే రక్షణ యనుకొను వ్యవస్థను నమ్మరాదని యది నేర్పిన పాఠము. క్రొత్తగా కొనువారు ఏఈఎస్ వంటి బహిరంగముగ పరీక్షింపబడిన సూత్రము గల కార్డులనే కోరవలెను.

వేలిముద్రపై మితిమీరిన విశ్వాసము నుంచరాదు. 2018లో తెలంగాణమున రిజిస్ట్రేషను దస్తావేజులలోని వేలిముద్రలనుండి కృత్రిమ ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులను చేతనము చేసిన నేరము బయటపడెను. పోయిన రహస్యపదమును మార్చుకొనవచ్చును. పోయిన వేలిముద్రను మార్చుకొనలేము. అట్లే జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు హాల్‌టికెట్ సంఖ్య ప్రవేశ సంవత్సరమును, కళాశాలను, కోర్సును, శాఖను, వరుసను తెలుపు పదక్షరముల పేరు మాత్రమే. దానిని రహస్యముగా వాడుట వీధిలో నందఱికి తెలిసిన యింటిపేరును తాళపుచెవిగా వాడుటయే యగును. గ్రంథాలయ ప్రవేశమునకు ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ సమాఖ్యయు, ఇతర విశ్వవిద్యాలయములలో వైఫై కొఱకు ఎడ్యురోమ్ పద్ధతియు గలవు. 2019లో ప్రమాణమైన వెబ్‌ఆథెన్‌తో రహస్యపదమే లేని ప్రవేశము సాధ్యమైనది. మార్కులు మార్చగల ఉద్యోగుల ఖాతాలకు మొదట నీ రక్షణ కల్పించుట వివేకము.

ఎంపికకు లక్షణములు

వ్యవస్థను కొనబూనిన విశ్వవిద్యాలయము విక్రేత చూపు తెరలను జూచి మురియక, ఈ క్రింది లక్షణములను వరుసగా విచారింపవలెను.

మొదటిది, రహస్యపు చెవి యెవరి చేతిలో నున్నది? అది విశ్వవిద్యాలయపు పేరనే యుండవలెను. తెఱచి తీయరాని యంత్రములో భద్రమై, ఇద్దఱు అధికారులు కలిసిన గాని పనిచేయకుండవలెను.

రెండవది, సరిచూచు మార్గము. పట్టాపై క్యూఆర్ గుర్తు ముద్రించి విక్రేత వెబ్‌సైటునకు దారిచూపుట నేడు సామాన్యము. ఒప్పందము ముగిసిననాడు ఆ దారి మూతపడును. అంతకంటె ఘోరమేమన, మోసగాడు తన నకిలీ పట్టాపై తన నకిలీ సైటునకు దారి చూపును. కనుక క్యూఆర్ గుర్తులో సంతకమే యిమిడియుండవలెను. చిరునామా అవసరమైనచో విద్యాసంస్థలకే పరిమితమైన ఏసీ డాట్ ఇన్ క్రింద విశ్వవిద్యాలయపు స్వంతపేర నుండవలెను.

మూడవది, రద్దు. మోసముచే పొందిన పట్టా రద్దయినచో ఆ వార్త సరిచూచువారికి వెంటనే తెలియవలెను. కాని రద్దుపట్టిక చదివినవారికి విద్యార్థుల పేర్లు బయటపడరాదు.

నాలుగవది, గోప్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ శాసనము సేకరణమునకు హద్దులు విధించినది. పట్టభద్రుడని మాత్రమే తెలియజాలు చోట పుట్టినతేదీ, తండ్రిపేరు, ఆధార్ సంఖ్య చూపనక్కఱలేని పద్ధతి శ్రేష్ఠము.

ఐదవది, మనుష్యుల పద్ధతి. మార్కు నెక్కించువారును ఆమోదించువారును వేఱుగా నుండవలెను. ప్రతి మార్పును చెఱపరాని దినచర్యలో నమోదు కావలెను. కేంద్ర ప్రభుత్వపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిలులో నిచ్చిన ఆదేశముల ననుసరించి భద్రతాభంగమును ఆఱు గంటలలో తెలియజేయవలెను, దినచర్యలను 180 దినములు నిలువ నుంచవలెను. వీనిని ఒప్పందములోనే వ్రాయించుట మేలు.

ఆఱవది, సవరణము. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పొడి యక్షరమై, ఆధారులో పూర్తిగా నుండి, పాస్‌పోర్టులో చివరికి చేరిన తెలుగు విద్యార్థులు లెక్కకు మిక్కిలి. పేర్లు అక్షరాక్షరము సరిపోలవలెనను యంత్రము నిరపరాధులను దోషులుగా చూపును. సవరణకు సులభమైన మార్గమును, దానికి బాధ్యుడైన అధికారియు నుండవలెను. స్మార్ట్‌ఫోను లేని విద్యార్థికి కాగితపు పట్టాయు తప్పక లభింపవలెను.

ఏడవది, నిష్క్రమణము. విక్రేత మారినను, మూతపడినను, విశ్వవిద్యాలయమే విభక్తమైనను, పూర్వపు పత్రములు సార్వత్రిక రూపమున నెగుమతియై, వారసత్వము పొందు సంస్థ పేర బహిరంగపు చెవు లన్నియు శాశ్వతముగ ప్రకటితములై యుండవలెను. 2008 నాటి విభజనము వంటిది మరల రాదని యెవరును హామీ యీయలేరు. ఒప్పందమున చేరు నిబంధనల కంటె విడిపోవు నిబంధనలను ముందుగా వ్రాయించుకొన్న సంస్థయే సురక్షితము.

నిర్ణయము

ఏడు లక్షణములును ఒక్క వస్తువులోనే కొనదొరకవు. హైదరాబాదు ప్రాంతపు విశ్వవిద్యాలయమునకు నేడు యుక్తమైన క్రమ మిది: డిజిలాకరు ద్వారా జాతీయ నిక్షేపమున ప్రతి పట్టాను జేర్చుట, ఆ పట్టాపైననే విశ్వవిద్యాలయపు స్వంత సంతకమును కాలముద్రతో నుంచుట, సార్వత్రిక ప్రమాణరూపమున నొక ప్రతిని విద్యార్థి చేతికిచ్చుట, ఉద్యోగుల ఖాతాలను కట్టుదిట్టము చేయుట, కాగితపు రిజిస్టరును అదనపు సాక్షిగా నిలుపుట. బ్లాక్‌చైను కావలసినచో కాలసాక్షిగా చేర్చుకొనవచ్చును. అది లేకున్నను వ్యవస్థకు లోపము లేదు. రైతు కూలీల యింటి నుండి వచ్చి, యిన్నేండ్ల శ్రమకు ఫలముగా నొక పట్టాను చేతబట్టుకొని మాదాపురపు మెట్రో స్టేషనులో దిగు యువతికి ఆ పత్రమే సర్వస్వము. కుమారుని పట్టాను మంజూషలో దాచిన తండ్రికి గూడ నంతే. వేంగీరాజుల రేకులు వేయేండ్లకు పైబడియు నేడు వారివేయని నమ్మబడుచున్నవి. ముద్ర వాని యందే యుండుటయే దానికి కారణము. పట్టాకును రుజువు దాని యందే యుండవలెను, మఱియొకరి గుమ్మమున కాదు.